ఆత్మీయులు పోయాక దుఃఖంలో ఉంటాయనే ఐదు దశలూ దాటితేనే ముందుకు వెళ్లగలమా?

అక్కర్లేదు, దుఃఖం మెట్లు దిగినట్టు వరసగా తగ్గదు, చాలామంది ఏడుస్తూనే మళ్లీ పనుల్లో పడతారు.

నమ్మలేకపోవడం, కోపం, దేవుడితోనో విధితోనో బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం అనే ఐదు దశలను 1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ చెప్పారు. అయితే అవి ప్రధానంగా చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి రాసినవి. తర్వాత వాటినే వెనక మిగిలినవాళ్లందరికీ కొలబద్ద చేసేశారు.

నిజానికి జరిగేది ఊగిసలాట. మనసు కాసేపు పోయిన మనిషి వైపు, కాసేపు చేయాల్సిన పనుల వైపు తిరుగుతుంది. ఈ మార్పే ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. భార్య పోయిన ఒకాయన పొద్దున బ్యాంకులో నామినీ ఫారాలు తప్పులేకుండా నింపుతాడు. సాయంత్రం సొరుగు తీస్తే ఆమె కళ్లజోడు, అద్దం మీద ఇంకా చెరగని వేలిముద్ర! అక్కడే కూలబడిపోతాడు. మర్నాడు మళ్లీ ఆఫీసుకు వెళ్తాడు. దీన్ని వెనక్కి జారడం అనుకుంటే పొరపాటే.

ముందుకు వెళ్లడమంటే మర్చిపోవడమని చాలామంది అపోహ. అందుకే కాస్త నవ్వొచ్చినా తప్పుచేసినట్టు టెన్షన్ పడతారు. పోయినవాళ్లను తలుచుకుంటూనే, వాళ్లతో మాట్లాడుకుంటూనే బతుకు సాగించవచ్చు, అది జబ్బు కాదు. ఏడాది దాటినా దాదాపు రోజూ అదే తీవ్రతతో బాధ వేధిస్తూ, రోజువారీ పనులు కూడా సాగకపోతే మాత్రం మానసిక వైద్యుల్ని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే ఏడాదిదాకా కాదు, వెంటనే.