‘పెద్దలకు పెట్టడం’ అంటే ఏ పెద్దలకు?

‘సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టాలంటారు, ఇంట్లో ముసలివాళ్ళకా?’ అని అడిగారు. కాదండీ, అక్కడ పెద్దలంటే కాలం చేసినవాళ్ళు.

‘పెద్దలు కుదిర్చిన పెళ్ళి’, ‘పెద్దల్ని అడిగి చెప్తాం’ అన్నప్పుడు మాత్రం బతికున్న అమ్మానాన్నలు, తాతలు, మేనమామలే. వెనక ‘పెట్టడం’ చేరిందంటే అర్థం మారిపోతుంది. కోస్తాలో చాలా ఇళ్ళల్లో పండగనాడు తాత ఫొటో ముందు కొత్త పంచె, నాయనమ్మ ఫొటో ముందు కొత్త చీర పెడతారు. వండినవన్నీ విస్తట్లో వడ్డించి, దణ్ణం పెట్టుకున్నాకే మిగతావాళ్ళు తింటారు. ఆ బట్టలు తర్వాత ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. అందుకే సంక్రాంతి పెద్దల పండగ కూడా.

తెలంగాణలో పెద్దల రోజు భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస. పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికి, అంటే పురోహితుడికి ఇస్తారు. ‘బియ్యం ఇచ్చుడు’ అంటే ఇదే. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండగ మొదటి రోజు.

పోయినవాళ్ళని ‘చచ్చిపోయినవాళ్ళు’ అనకుండా పెద్దలు అనడం నాకెంతో ఇష్టం.

ఇక ‘ఇంటి పెద్ద’ అనే మాట వయసుది కాదు, బాధ్యతది. తండ్రి పోతే ఇరవై ఏళ్ళ కొడుకునైనా అలాగే అంటారు.