ఇంట్లో చేసుకున్న స్పీకర్ బాక్సులకి ఏ పూత నాలుగు కాలాలు నిలుస్తుంది?

మీరు 15 అంగుళాల బేస్ బాక్సులు రెండు సొంతంగా కట్టుకుంటున్నానని, కార్పెట్ అంటించాలో, రెక్సిన్ చుట్టాలో, గరుకుగా ఉండే టెక్స్‌చర్ పెయింట్ వెయ్యాలో తేలడం లేదని రాశారు. మనది గోదావరి డెల్టా కాబట్టి నా జవాబు టెక్స్‌చర్ పెయింటే. స్పీకర్ బాక్సులకని అమ్మే వాటర్ బేస్ రకం తీసుకుని రోలర్‌తో వెయ్యండి. కార్పెట్ జోలికి మాత్రం పోవద్దు. ఈ మాట డబ్బు పోగొట్టుకుని చెబుతున్నాను.

మాది నర్సాపురం పక్కన పల్లెటూరు. చిన్న మైక్‌సెట్టు ఉంది. మొదటిసారి బాక్సులు చేయించినప్పుడు నేనూ బూడిద రంగు కార్పెట్టే అంటించాను. ఒక్క పూటలో పనైపోయింది, గీతలు కనపడవు, చూడ్డానికి కంపెనీ సరుకులా ఉంది. మా వీధి చివర వడ్రంగి బాబాయి మాత్రం చూసి, "చెక్కకి తడిగుడ్డ కప్పుతున్నావురా అబ్బాయ్" అన్నాడు. "పొడిగానే ఉంది కదా బాబాయ్" అన్నాను. "ఇవాళ పొడిగానే ఉంటుంది" అని వెళ్ళిపోయాడు.

ఆ మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి ఒక అన్నదానం పందిరి వాళ్ళు మమ్మల్ని మాట్లాడుకున్నారు. ట్రక్కు ఆటోలో సామానేసుకుని, పంటు మీద, అంటే బళ్ళు ఎక్కించే పడవ మీద, గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా వెళ్ళాం. దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు ఏకాదశికి రథం. మూడు రాత్రులూ బాక్సులు ఇసుకలోనే ఉన్నాయి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. చీకటి పడితే ఉప్పు గాలి, దాని వెనకే మంచు. ఒక్క వాన చినుకు పడలేదు. అయినా తెల్లవారుజామున బాక్సు మీద చెయ్యి వేస్తే తడిసిన గొంగళి మీద వేసినట్టుంది, నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళొచ్చాయి. పగలు ఎండకి పైపైన ఆరింది. సరేలే అనుకుని ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టేశాను. మా షెడ్డు కాలవ గట్టు మీద ఉంటుంది.

నెలన్నర తర్వాత ఒక పెళ్ళికి బయటికి తీస్తే నానిన గోనెసంచి వాసన. పెళ్ళివారి పెద్దాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని "ఏంటండీ ఇది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చి కార్పెట్ ఒక మూల పట్టుకుని లాగాను. జిగురుతో సహా ఊడొచ్చింది. కింద తెల్లటి బూజు. అడుగు అంచు దగ్గర ప్లైవుడ్ పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కితే అంగుళం లోపలికి మెత్తగా దిగిపోయింది. ఉప్పు పట్టిన గుడ్డ పూర్తిగా ఆరదండి. ఎండలో ఆరినట్టే ఉంటుంది, రాత్రికి గాలిలో తేమంతా మళ్ళీ లాక్కుంటుంది. రెక్సిన్ దీనికంటే కొంత నయం. కానీ అదీ ఒక్కచోట చిరిగిందంటే లోపలికి దిగిన నీరు బయటికి రాదు.

రెండోసారి బాబాయితోనే కూర్చుని చేశాను. పెయింటు ఏదన్నది సగం సంగతే, దాని కింద ఏముందన్నదే అసలు సంగతి అని అప్పుడు తెలిసింది.

ముందు ప్లైవుడ్. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం మెరైన్ ప్లై తీసుకోండి. ఆ గ్రేడు చెక్క 72 గంటలు మరిగే నీళ్ళలో ఉన్నా పొరలు విడకూడదు. ముద్రని నమ్మి ఊరుకోకుండా బాబాయి మూడు షాపుల నుంచి తలా ఒక ముక్క తెచ్చి, పాత గిన్నెలో కట్టెల పొయ్యి మీద మరిగించాడు. గంట తిరక్కుండానే ఒకటి విచ్చుకుంది. దాని మీదా మెరైన్ అనే ముద్ర ఉంది! ఇలాంటి చెక్క అమ్మేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు. వర్క్‌షాపు పెట్టుకుని అప్పు తీర్చుకుంటున్న కుర్రాళ్ళ కష్టం అందులో పోతుంది. చెక్కపొడి అదిమి చేసే ఎండీఎఫ్ అయితే ఇక చెప్పక్కర్లేదు, ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బితే మళ్ళీ మామూలు కాదు.

తర్వాత అంచులు. వరిగడ్డి మోపుని కోసిన వైపు నుంచి చూడండి, అన్నీ గొట్టాలే. ప్లైవుడ్ కోసిన అంచూ అంతే, నీళ్ళు అక్కడినుంచే తాగుతుంది. పైగా పదునైన అంచు మీద ఏ పెయింటూ నిలవదు. ఆరేలోపు అటూ ఇటూ జారిపోయి అంచు మీద పల్చటి పొర మిగులుతుంది, మొదటి దెబ్బకే అది లేచిపోతుంది. అందుకే రూటర్‌తో, అంటే వడ్రంగులు అంచులు చెక్కే మెషీన్‌తో, అంచులన్నీ 10 ఎంఎం గుండ్రంగా తీయించండి. స్క్రూ గుంతలకి లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అదే పెయింటుని కాస్త పల్చన చేసి మొదటి చెయ్యి కొట్టండి. అంచులకి రెండు చేతులు, అడుగుకి రెండు చేతులు. లోపల కూడా ఒక చెయ్యి వెయ్యండి. పోర్టులోంచి, అంటే బాక్సుకి గాలి ఆడేందుకు పెట్టే కన్నంలోంచి, తేమ లోపలికి పోదని ఎవరన్నా చెబితే వినకండి.

అసలు టెక్స్‌చర్ కోటు పల్చన చెయ్యకూడదు. తేనెపట్టులా కన్నాలున్న రోలర్ తెచ్చుకోండి, టెక్స్‌చర్ రోలర్ అని అడిగితే ఇస్తారు. వేసే పక్క పైకి ఉండేలా బాక్సుని పడుకోబెట్టండి, లేకపోతే పెయింటు కిందికి కారుతుంది. దట్టంగా పరిచి, చివరిసారి బరువు పెట్టకుండా ఒకే వైపు లాగండి. చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. రోలర్ వెనక పెయింటు సన్నటి మొనలుగా లేచి, కాసేపట్లో కొద్దిగా వాలి ఆవగింజలంత బుడిపెలుగా నిలబడుతుంది. అప్పుడిక ముట్టుకోకండి. సగం ఆరాక బాగుచేద్దామని రోలర్ పెడితే తోలు ఊడినట్టు లేచొస్తుంది. మన దగ్గర ఈ పని పొద్దున పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ముగించాలి, మంచు పడేలోపు పైపొర ఆరాలి.

చేతికి అంటకపోతే ఆరిపోయినట్టు కాదు. గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాలనే టెన్షన్‌లో నాలుగో రోజే బాక్సుల మధ్య వార్తాపత్రికలు వేసి పేర్చాను. విడదీసేసరికి పేపరు అక్షరాలతో సహా పక్కకి అతుక్కుపోయింది. ఆ పక్కంతా రుద్ది మళ్ళీ వెయ్యాల్సొచ్చింది.

పెద్ద కంపెనీల బాక్సుల్లో చాలావాటి మీద ఉండే పాలీయూరియా అనే గట్టి పూత వేరే సంగతి. దాన్ని వేడిచేసి, ప్రెషర్‌తో మెషీన్ కొడుతుంది, మన పెరట్లో అయ్యే పని కాదు. రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయూరిథేన్) పూత గాలిలో తేమకి బుడగలు లేస్తుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ వానాకాలంలో తెల్లబారుతుంది. ఎనామిల్‌లో జల్లించిన ఇసుక కలుపుతున్న కుర్రాళ్ళని చూస్తున్నాను, దయచేసి మానెయ్యండి. ఆ బాక్సులు మోసేవాళ్ళ ముంజేతులు చూశారా ఎప్పుడైనా? గోడలకి పూసే టెక్స్‌చర్ కూడా వద్దు. గోడని ఎవరూ ఆటోలోంచి దించరు కాబట్టి దానికి దెబ్బ తట్టుకునే గుణం అక్కర్లేదు, బాక్సు మూల మీద మాత్రం పెచ్చులు ఊడుతుంది.

నా బాక్సులకి ఆ పూత వేసి ఏడేళ్ళు దాటింది. ఏటా అంతర్వేది వెళ్ళొస్తున్నాయి. అడుగున రబ్బరు కాళ్ళు వేశాను, ఇసుకలో పెట్టాల్సొస్తే కింద రెండు కొబ్బరి పట్టెలు వేస్తాను. తిరిగొచ్చిన రోజే తడిగుడ్డతో ఉప్పు తుడిచేస్తాను. మీరు కొన్న పెయింటులో పావు లీటరు తీసి, బిగుతుగా మూతపడే సీసాలో దాచుకోండి. గరుకు పూతకి ఉన్న గొప్ప సుఖం అదే. చెక్క కనపడిన చోట స్పాంజి ముక్కతో రెండుసార్లు అద్దితే, ఆరాక అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.