అమెరికా చట్టాల్లో చర్చి మాట

ప్రశ్న: మతాన్ని ప్రభుత్వానికి దూరంగా ఉంచామని చెప్పుకొనే అమెరికాలో ఛాందస క్రైస్తవులకు ఇంత పట్టు ఎలా చిక్కింది?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు, కడప జిల్లా

జవాబు: అక్కడి రాజ్యాంగపు మొదటి సవరణ ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలపరాదంటుందే తప్ప, విశ్వాసులు జట్టుకట్టి ఓటు వేయరాదని అనదు. 1973లో అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించింది. పోనుపోను ఆ తీర్పు ఛాందస క్రైస్తవులకు కంటగింపైంది. 1979లో బాప్టిస్టు పాస్టరు జెర్రీ ఫాల్వెల్ ‘మోరల్ మెజారిటీ’ సంస్థను స్థాపించి, అంతవరకూ రాజకీయాలను అంటీముట్టనట్టున్న ఎందరో విశ్వాసులను రిపబ్లికన్ల వైపు నడిపించారు. 1980లో వారు ఓడించ పూనుకున్న అప్పటి అధ్యక్షుడు, డెమోక్రాట్ జిమ్మీ కార్టర్ స్వయంగా సండే స్కూలులో పాఠాలు చెప్పే బాప్టిస్టు! అభ్యర్థి భక్తికన్నా న్యాయమూర్తుల నియామకాలే వారికి ముఖ్యమని నా అభిప్రాయం. ట్రంప్ నియమించిన ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులూ 2022లో ఆ 1973 నాటి తీర్పును కొట్టివేసినవారిలో ఉన్నారు. అయితే క్రైస్తవులందరిదీ ఒకే దారి కాదు. నల్లజాతి చర్చిలవారు ఎక్కువగా డెమోక్రాట్లకే ఓటేస్తారు.

ఈ ప్రభావం అమెరికాతో ఆగదు. 1984లో రీగన్ ప్రభుత్వం తెచ్చిన ‘మెక్సికో సిటీ విధానం’ ప్రకారం, విదేశీ స్వచ్ఛంద సంస్థ ఏదైనా తన సొంత డబ్బుతోనే కుటుంబ నియంత్రణ కోసం గర్భస్రావాలు చేసినా, ప్రోత్సహించినా, దానికి అమెరికా కుటుంబ నియంత్రణ సాయం నిలిచిపోతుంది. డెమోక్రాట్ క్లింటన్ 1993లో దీన్ని రద్దు చేయగా రిపబ్లికన్ బుష్ 2001లో తిరిగి తెచ్చారు. ఒబామా 2009లో తీసేస్తే ట్రంప్ 2017లో పెట్టారు. బైడెన్ 2021లో ఎత్తేస్తే 2025లో ట్రంప్ మళ్లీ పెట్టారు. మన దేశంలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం 1971 నుంచే ఉన్నప్పటికీ, ఆ సాయం తీసుకొనే సంస్థ అనంతపురం పల్లెల్లో పనిచేసేదైనా సరే, ఆ షరతుకు తల ఒగ్గవలసిందే.