వెల్డర్ అని ఒక్క మాట రాస్తే చాలదు

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐలో వెల్డర్ ట్రేడు చేశాడు. ఫిజీ దీవుల్లో పని ఉందని, లక్షన్నర కడితే పంపిస్తానని ఇచ్ఛాపురంలో ఒకాయన అంటున్నాడు. ఆ దేశంలో మన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి లాంటి సర్కారీ ఆఫీసు ఉందా? ఉంటే మధ్యవర్తి లేకుండా అక్కడే పేరు రాయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: ఆఫీసు ఉంది. నేషనల్ ఎంప్లాయ్‌మెంట్ సెంటర్ అంటారు, 2009 నాటి శాసనంతో ఏర్పడింది. కానీ అది ఫిజీ పౌరుల కోసం. అందులో విదేశీ ఉద్యోగాల విభాగం కూడా ఉంది. ఆ పేరు చూసి పొరబడకండి, అది ఫిజీ వాళ్లను బయటి దేశాల పనులకు పంపే విభాగం.

మీ తమ్ముడికి కావలసింది వర్క్ పర్మిట్. ఆ పనికి స్థానికులు దొరకలేదని చూపించి అక్కడి యజమానే దాన్ని తెప్పించాలి. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న "జీతం ఎంత" కాదు, "యజమాని ఎవరు, పర్మిట్ కాగితం ఏది" అని. ఫిజీ, మారిషస్, మాల్దీవులకు మనవాళ్లు ముందస్తు వీసా లేకుండానే విజిటర్‌గా వెళ్లవచ్చు. మోసమంతా ఇక్కడే జరుగుతుంది. "ముందు విమానం ఎక్కు, దిగాక పర్మిట్ చూసుకుందాం" అంటారు. దిగాక పని చేస్తే చట్టవిరుద్ధం, చేయకపోతే తిండికి లేదు. పైగా ఈ మూడు దేశాలూ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పని కోసం విదేశం వెళ్లేందుకు మన సర్కారు ఇచ్చే అనుమతి) తప్పనిసరి అయిన జాబితాలో లేవు, కాబట్టి విమానాశ్రయంలో ఆ తనిఖీ కూడా ఉండదు.

ఏజెంటుకు మాత్రం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ నంబరు అడిగి విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో సరిచూడండి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంటే 35,400, అదీ రశీదుతో. లక్షన్నర అడిగాడంటేనే గీత దాటినట్టు. సందేహముంటే విదేశాంగ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి.

ప్రశ్న: చిన్న దీవుల దేశాల్లో ఉపాధి సేవల మీద ప్రాజెక్టు రాస్తున్నాను. జనమే కొన్ని వేలు, లక్షలు. అందరూ అందరికీ తెలిసినవాళ్లే అయినప్పుడు సర్కారు జోక్యం ఎందుకు?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఆ తెలిసినతనంలోనే చిక్కుంది. మన తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్లకు వెళ్లే మత్స్యకారులను చూడండి. తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, ఎవరిని రమ్మంటే వాళ్లకే పని. ఆ తండేలుతో చుట్టరికం లేనివాడికి పని ఉన్న సంగతే తెలియదు. దీవుల్లో దీనికి సముద్రం కూడా తోడవుతుంది. పసిఫిక్‌లోని కిరిబాటిలో 33 దీవులు, తువాలులో సుమారు 11 వేల మంది 9 దీవుల్లో, మాల్దీవుల్లో దాదాపు 200 దీవుల్లో జనం. ఉద్యోగ ఖాళీ రాజధానిలో ఉంటుంది, మనిషి ఒక పడవ ప్రయాణం అవతల ఉంటాడు. ఇంటర్వ్యూకు వెళ్లే ఛార్జీ ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే చాలా ఖాళీలు ఆగిపోతాయి.

యజమానులు కూడా చిన్నవాళ్లే. అయిదారుగురితో నడిచే అతిథి గృహం ఖాళీ ఉందని ఉపాధి ఆఫీసుకొచ్చి ఫారం నింపదు. అధికారే వెళ్లి అడిగి రాసుకోవాలి. ఎలా రాసుకుంటాడన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. "వంటవాడు కావాలి" అంటే అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో మూడు వేర్వేరు పనులు కావచ్చు. మెనూ తయారుచేసి వంటగదిని నడిపే షెఫ్ కోడు 3434, వంట చేసే కుక్ 5120, కూరగాయలు తరిగి గిన్నెలు కడిగే సహాయకుడు 9412. మన దేశంలోని 2015 వర్గీకరణ కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది. కోడు తప్పుపడితే సహాయకుడు కావాల్సిన చోటికి షెఫ్ వెళ్తాడు, ఇద్దరికీ ఆ రోజు వృథా అవుతుంది. కోడుతో పాటు బస, పడవ ఛార్జీ, సెలవులు, మొదటి జీతం ఏ తేదీన అన్నవి కూడా ఆ ఫారంలో ఉండాలి. తర్వాత ముప్పైమందిని కాదు, సరిపడే ముగ్గుర్నే పంపాలి. వారంలోగా యజమానికి ఫోన్ చేసి ఎందుకు వద్దన్నారో రాసుకోవాలి. ఈ ఫోన్ చేయని ఆఫీసును రెండోసారి ఏ యజమానీ నమ్మడు.

మీ ప్రాజెక్టులో ఒక భాగం మొత్తం పసిఫిక్ వలస పథకాలకు ఇవ్వండి. న్యూజిలాండ్ 2007లో పండ్లతోటల కోసం ఆర్‌ఎస్‌ఈ అనే సీజన్ కూలీల పథకం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా పసిఫిక్ దీవుల కూలీలను రప్పించే తన రెండు పథకాలను కలిపి 2022లో పామ్ అని పేరు పెట్టింది. అందులో సీజన్ పని 9 నెలల వరకు, దీర్ఘకాలపు పని ఏడాది నుంచి 4 ఏళ్లు. వీటి కోసం కొన్ని దేశాలు "సిద్ధంగా ఉన్నవాళ్ల జాబితా" నిర్వహిస్తాయి. వైద్య పరీక్ష, పోలీసు ధ్రువపత్రం, పాస్‌పోర్టు ముందే సర్దుకుని ఉంచుతారు కాబట్టి కబురొస్తే మనిషి త్వరగా కదలగలడు. పద్ధతి మంచిదే, కానీ రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది, తోట యజమాని నిరుడు వచ్చినవాళ్లనే మళ్లీ అడుగుతాడు, కొత్తవాడి పేరు జాబితా అడుగునే ఉండిపోతుంది. రెండోది, అనుభవమున్నవాళ్లు వెళ్లిపోయి సమోవా, వనువాటుల్లో హోటళ్లకే మనుషులు కరువయ్యారు. ఎవరిని పంపుతున్నామో, దీవిలో ఏ పనికి మనుషులు కరువవుతున్నారో ఒకే ఆఫీసు లెక్క చూడాలని మేం గట్టిగా నమ్ముతాం.

ప్రశ్న: ఎంప్లాయ్‌మెంట్ కార్డు తీసుకుని తొమ్మిదేళ్లు. ఒక్క కాల్ లెటరూ రాలేదు. కార్డు ఉంచాలా, వదిలేయాలా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఉంచండి. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ పోతుంది, అది ముందు చూసుకోండి. లెటర్లు తగ్గడానికి కారణముంది. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం ఖాళీని ఎక్స్ఛేంజికి తెలియజేయమందే తప్ప, అది పంపినవాళ్లనే తీసుకోమనలేదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలంది. అంటే కార్డు ఒక్కటే దారి కాదు. 2015 నుంచి నడుస్తున్న నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో కూడా నమోదు చేసుకోండి, రుసుము లేదు.

మీ పని వివరం రాసేటప్పుడు ఒక్క మాటతో ఆపకండి. సోంపేట పాఠకుడి తమ్ముడికీ ఇదే మాట. "వెల్డర్" అంటే ఏమీ తెలియదు. ఏ రకం వెల్డింగ్: ఆర్కా, మిగ్గా, టిగ్గా? ప్లేటా, పైపా? ఏ స్థితిలో అతకగలడు? 3జీ అంటే నిలువు, 4జీ అంటే తలపైన, 6జీ అంటే 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు. మైల్డ్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? పైడిభీమవరం లాంటి చోట మందుల కంపెనీకి కావలసింది స్టెయిన్‌లెస్ పైపు మీద టిగ్ చేసేవాడు. నిర్మాణ పనికి కావలసినవాడు వేరు. చివరిసారి ఆ పని ఏ నెలలో చేశారో కూడా రాయండి. ఫోన్ నంబరు మారితే ఆ రోజే మార్పించండి, పాత నంబరుకు వెళ్లిన కబురు మీదాకా రాదు.