ఎంట్రీలు సాఫ్ట్‌వేరే వేస్తుంటే థియరీ ఎందుకు?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం కామర్స్ చదువుతున్నాను. ప్రాబ్లమ్స్ బాగానే చేస్తాను కానీ, అకౌంటింగ్ థియరీ బట్టీ పట్టడమే అవుతోంది. ఉద్యోగంలో ఇది పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎంట్రీ వేస్తుంది, నిజమే. కానీ కట్టిన డబ్బు ఈ ఏడాది ఖర్చా, ముందు ముందు ఉపయోగపడే ఆస్తా అన్నది మనిషి తేల్చాలి. మీకు జీతం ఇచ్చేది ఆ నిర్ణయానికే.

అమెరికన్ టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ సంగతి చూడండి. ఇతర సంస్థల లైన్లు వాడుకున్నందుకు కట్టిన చార్జీలను ఖర్చులో చూపకుండా ఆస్తుల్లో కలిపేసింది. 2002 జూన్‌లో బయటపడ్డ మొత్తమే సుమారు 380 కోట్ల డాలర్లు. అలాంటి ఎంట్రీలో డెబిట్, క్రెడిట్ సరిపోతాయి, అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ కూడా కుదురుతుంది. వాడేసుకున్న సేవ ఆస్తి ఎలా అవుతుందని అడగగలిగితేనే తప్పు దొరుకుతుంది. ఆ ప్రశ్న పుట్టేది ఆస్తి నిర్వచనం నుంచే.

గోయింగ్ కన్సర్న్ అనే సూత్రం కూడా అంతే. కంపెనీ నడుస్తూనే ఉంటుందని అనుకోబట్టే యంత్రం ఖరీదును తరుగుదలగా ఏళ్ల మీద పంచుతాం. మూతపడటం ఖాయమైతే ఆ లెక్కకు ఆధారమే పోతుంది. అప్పుడు అమ్మితే ఎంతొస్తుందన్నదే ముఖ్యం.

ఈ సూత్రాలు రాతిమీద చెక్కినవి కావు. ప్రుడెన్స్‌నే, అంటే అంచనాలు వేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలన్న సూత్రాన్నే తీసుకోండి. అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే ఐఏఎస్‌బీ 2010లో దాన్ని తన కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ (ప్రమాణాలకు పునాదైన మూల సూత్రాల పత్రం) నుంచి తొలగించి, 2018లో మళ్లీ చేర్చింది. అయితే లాభాలు, ఆస్తులు ఎక్కువ చేసి చూపకూడదు, కావాలని తగ్గించీ చూపకూడదు అని స్పష్టం చేసింది. 'నష్టాలు ముందే ఊహించు, లాభాలు ఊహించకు' అని కంఠతా పట్టినవారికి ఈ తేడా తెలియదు. నాకు థియరీలో అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించేది ఇలాంటి చర్చలే.

చదివే పద్ధతి మార్చండి. ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసుకుని, అందులో అకౌంటింగ్ విధానాల నోట్ తెరవండి. ఆదాయాన్ని ఎప్పుడు గుర్తిస్తున్నారు, సరుకు నిల్వకు విలువ ఎలా కడుతున్నారు అన్నవి చదివి, ఒక్కోదాని వెనక ఏ సూత్రం ఉందో మీ మాటల్లో రాసుకోండి. తర్వాత అదే రంగంలోని మరో కంపెనీ నోట్‌తో పోల్చండి. తేడా కనిపించిన చోట ఆగి, కారణం వెతకండి. అర్థం కాకపోతే మీ లెక్చరర్‌ను ఆ పేజీ చూపించే అడగండి.