తెర చూస్తూ ఆపరేషన్ చేయబోతున్న మేనకోడలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి మైక్రోస్కోప్ ఐపీస్‌లు వదిలి, త్రీడీ తెర మీద చూస్తూ శుక్లాలకూ, కంటి ముందరి పారదర్శక పొర కార్నియాకూ ఆపరేషన్లు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మెడ వంచి వంచి నడుము పోగొట్టుకున్న తరం మాది కనుక గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెరను సరిగ్గా నీ ముఖానికి ఎదురుగా పెట్టించుకో. కెమెరా సాయం ఉంటుంది కనుక వెలుతురు తగ్గించు, రోగి రెటీనాకు మేలు. చేతి కదలిక తెర మీద కనబడడానికి లిప్తపాటు ఆలస్యమవుతుంది, కుట్లు వేసేటప్పుడు తొందరపడకు.

నా భయమంతా టోరిక్ లెన్స్ గురించే; కార్నియా వంపులోని తేడాను దిద్దే ఆ లెన్స్‌ను సరైన కోణంలోనే అమర్చాలి కదా. నాతో పనిచేసిన ఒక సర్జన్, చేయి తిరిగినవాడే, ఆ కోణం చూపిస్తూ తెర మీద కంప్యూటర్ గీసే అక్షరేఖ వచ్చాక, కంటి మీద పెట్టే సిరా గుర్తులు చాదస్తమని మానేశాడు. కూర్చున్న మనిషిని పడుకోబెట్టగానే కన్ను కొద్దిగా తిరుగుతుంది; ఆ తిరుగుడును యంత్రం, ముందు తీసిన ఫోటోలోని తెల్లగుడ్డు రక్తనాళాలను ఎదుట ఉన్న కంటితో పోల్చి లెక్కగడుతుంది. ఆనాడు కోత దగ్గర ద్రవం చేరి, తెల్లగుడ్డును కప్పే పలుచని పొర కంజంక్టైవా ఉబ్బింది, నాళాల ఆనవాళ్లు చెదిరాయి, రేఖ పక్కకు జరిగింది. జరిగిన రేఖ కూడా అంతే ధీమాగా వెలుగుతుందమ్మా! ఆయన లెన్స్‌ను దానికే ఆనించాడు. ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 3.3 శాతం దిద్దుబాటు పోతుంది, 30 డిగ్రీలకు ఏమీ మిగలదు. ఆ రోగిని మళ్లీ థియేటర్‌కు తెచ్చి లెన్స్ తిప్పవలసి వచ్చింది. పక్కనున్న జూనియర్‌కు అనుమానం వచ్చిందట, తెరను కాదని పెద్దాయనకు చెప్పలేకపోయాడు. నువ్వు చూసేదే గదిలో అందరూ చూస్తున్నప్పుడు, అనుమానం వస్తే చెప్పమని ముందే అందరికీ చెప్పి మొదలుపెట్టు. రోగి కూర్చుని ఉండగానే 0, 180 డిగ్రీల దగ్గర సిరాతో గుర్తు పెట్టు. రేఖ గుర్తుతో కలవకపోతే ఆగి, పోలిక మళ్లీ చేయించు. చిన్నప్పటి నుంచీ నీకు "అయిపోయింది" అనిపించుకోవాలనే తొందర ఎక్కువ, అందుకే ఇంతగా చెబుతున్నాను.

దాత కార్నియా లోపలి పొరను మాత్రమే అతికించే డీమెక్‌లో మాత్రం తెరతో నాకు పేచీ లేదు. ఆ పలుచని పొర, దాని లోపలి వైపు కణాల వరుస ఎండోథీలియం బయటికి ఉండేలా చుట్టుకుంటుంది. కార్నియా మబ్బుగా ఉన్నప్పుడు, పొర కనబడడానికి అద్దే ట్రిపాన్ బ్లూ రంగు కనబడినా, చుట్ట ఎటు తిరిగి ఉందో తేలదు. ఆపరేషన్ మధ్యలోనే ఓసీటీ (కాంతితో తీసే స్కాన్) చూపించే అడ్డకోత చిత్రం ఉంటే ఆ సంగతి తేలుతుంది. అలాంటిది మా రోజుల్లో ఎక్కడిది!

శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చే ఫేకో ప్రోబ్ కంటిలో ఉండగా తెర ఆరిపోతే ఏం చేస్తావో ముందే సాధన చెయ్యి, ఐపీస్‌లను అందుబాటులోనే ఉంచు. మొదట మెత్తటి శుక్లాలే తీసుకో. మొదటి టోరిక్ కేసు ఏ రోజో రాయి, వచ్చి నీ వెనుక కూర్చుంటాను; నాకూ ఒక జత త్రీడీ అద్దాలు తీసి ఉంచు.

మీ మామయ్య