టెక్ సందేహాలు: గ్రాఫిక్స్ కార్డు కొనాలా, ప్రాసెసర్‌లో ఉన్నది సరిపోద్దా?

ఈ వారం మెసేజులన్నిటిలో ఒకటే గోల, గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మలు గీసే పని చేసే విడి కార్డు. కాలేజీలు తెరిచే టైమ్ కదా, వైజాగ్ ద్వారకానగర్‌లో ఏ షాపుకెళ్ళినా రంగురంగుల లైట్ల గేమింగ్ ల్యాప్‌టాపులే ముందు వరసలో ఉంటాయి మరి.

గాజువాక నుంచి ఓ నాన్నగారు: "పాప బీటెక్ సీఎస్‌ఈలో చేరింది. డెడికేటెడ్ గ్రాఫిక్స్ (విడి కార్డు) లేకపోతే రెండో ఏడాదికే మూలన పడేస్తారు అంటున్నాడు షాపతను. ఇంకో ఇరవై వేలు పెట్టమంటారా?"

వద్దండి. సీఎస్‌ఈ పిల్లలు నాలుగేళ్ళూ రాసేది జావా, పైథాన్, డేటాబేస్‌లు, వీటిలో గ్రాఫిక్స్ కార్డుకి పనేం ఉండదు, ఖాళీగా కూర్చుంటది. మెషీన్ లెర్నింగ్ వస్తే ఎన్‌విడియా కార్డు కావాలి అనే మాట నిజమే, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఎన్‌విడియా వాళ్ళ కుడా (CUDA) అనే ప్లాట్‌ఫామ్ మీద నడుస్తాయి, కానీ నేర్చుకునే దశలో బ్రౌజర్‌లోనే కోడ్ నడుపుకునే గూగుల్ కోల్యాబ్ ఫ్రీగానే 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డు ఇస్తది (దొరికినప్పుడే అనుకోండి, గ్యారంటీ లేదు), మీరు ఇరవై వేలు ఎక్కువ పెట్టి తెచ్చే ల్యాప్‌టాప్‌లో ఉండేది సాధారణంగా అంతకన్నా తక్కువే. పైగా ఆ బరువు, ఆ ఇటుకంత చార్జరు రోజూ సిటీ బస్సులో మోసేది పాపే కదా.

ఆ డబ్బులో కొంచెం ర్యామ్ మీద పెట్టండి. ఇది షాపులో ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటది, అంటే ఒకే కుళాయి దగ్గర రెండు ఇళ్ళవాళ్ళూ బిందెలు పెట్టినట్టే. డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 జీబీ దాకా డేటా పోద్ది, రెండు స్టిక్కులుంటే 51.2. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డుకైతే దాని సొంత మెమరీయే 168 ఇస్తది. తేడా ఎక్కడుందో తెలిసింది కదా! అందుకే 16 జీబీ ఒకే స్టిక్ కన్నా 8 ప్లస్ 8 మేలు. ఇంటెల్ వాళ్ళ ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈ చూడండి, సింగిల్ స్టిక్ ఉంటే విండోస్‌లో దాని పేరే మారిపోయి ఉత్త యూహెచ్‌డీ (దానికన్నా కింది రకం గ్రాఫిక్స్ పేరు) అని చూపిస్తది. స్టిక్కర్ మీద ఐరిస్, లోపల యూహెచ్‌డీ. కొనేముందు షాపులోనే టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ దగ్గర స్లాట్స్ యూజ్డ్ ఎంతుందో చూసుకోండి.

పాప ఆర్కిటెక్చర్‌లో చేరుంటే నా జవాబు ఇది కాదు. లుమియాన్, బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్లకి కార్డు కావాల్సిందే. అప్పుడు కూడా పేరొక్కటే చూసి కొనకండి, ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒక్క పేరు మీద 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకాలున్నాయి, వాట్లు తగ్గితే స్పీడూ తగ్గుద్ది, ఎన్నో అడిగి కొనండి.

మధురవాడ నుంచి ఓ తమ్ముడు: "అన్నా, 3050 వేయించా, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) ఒక్కటి కూడా పెరగలేదు. కార్డు డూపా?"

తమ్ముడూ, ముందు సీపీయూ వెనక్కి వెళ్ళి చూడు. హెచ్‌డీఎంఐ కేబులు పైన యూఎస్‌బీల పక్కనే ఉందంటే అది మదర్‌బోర్డుది, కిందన అడ్డంగా ఉన్నవి కార్డువి. పైదాంట్లో పెడితే బొమ్మ వస్తది, కానీ ప్రాసెసర్ గ్రాఫిక్స్ నుంచే వస్తది. అక్కడ తప్పు లేకపోతే అప్పుడు డూపు సంగతి ఆలోచిద్దాం.

లాసన్స్ బే కాలనీ నుంచి: "కార్డు పోయింది, ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్. కార్డు రిపేరయ్యేదాకా మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి పెడితే డిస్‌ప్లే రావట్లేదు, బోర్డు కూడా పోయిందా?"

బోర్డు బాగానే ఉండి ఉంటది. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ పనిచేయవు. ఏఎండీలో రైజెన్ 5 5600కి ఉండదు, 5600జీకి ఉంటది, 7000 సిరీస్ డెస్క్‌టాప్ వాటిలో ఎఫ్ లేనివాటన్నిటికీ చిన్నదో పెద్దదో ఉంటది. కొద్ది డబ్బులు మిగుల్తాయని ఎఫ్ కొంటారు, ఇదిగో ఇలాంటి రోజున ఏడుస్తారు, నేనైతే ఎవరికీ ఎఫ్ చెప్పను. ప్రస్తుతానికి ఎవరిదగ్గరైనా పాత కార్డు అడిగి తెచ్చి పెట్టుకోండి. ఇంకోటి, మీది సముద్రం పక్కనే, ఉప్పుగాలి, చెమ్మ. కార్డు తీసి కాంటాక్టులు మెత్తటి ఎరేజర్‌తో నెమ్మదిగా తుడిచి మళ్ళీ బిగించి చూడండి, పోయిందనుకున్న కార్డులు ఇలా లేచిన సందర్భాలున్నాయి.

గోపాలపట్నం నుంచి ఓ పెళ్ళి వీడియోల ఎడిటర్: "ఆర్‌టీఎక్స్ 4060 వేసినా కొత్త కెమెరా ఫుటేజ్ ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆగి ఆగి ప్లే అవుతోంది."

ఇక్కడ కథ రివర్స్ గురూగారూ. మీ కెమెరా హెచ్‌ఈవీసీ 4:2:2 10-బిట్ అనే, రంగుల వివరం ఎక్కువుండే వీడియో ఫార్మాట్‌లో తీస్తోంది అనుకుంటున్నా, ఎన్‌విడియా కార్డుల్లో దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేసేది (అంటే ప్లే అయ్యేలా విప్పేది) 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే, మీ 4060 చేయలేదు. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉన్నవి మాత్రం చేసేస్తాయి, క్విక్‌సింక్ అంటారు దాన్ని. మీది అలాంటి ఇంటెల్ ప్రాసెసరే అయ్యి, ఎఫ్ కాకపోతే రూపాయి ఖర్చు లేదు. కార్డు పెట్టాక కొన్ని బోర్డులు ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగ్స్) వెళ్ళి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనేది ఆన్ చేయండి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి, తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కి టిక్ ఉందో లేదో చూసుకుని ఒకసారి రీస్టార్ట్ కొట్టండి.